మునెప్ప అంగడికి అక్షరాలు వెతికిన రోజులు

బస్సు కిటికీలోంచి

పని మానేసి చాలా కాలమైనా, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నా కళ్ళు బోర్డుల మీదికే పోతాయి. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, చేల మీద మంచు ఇంకా కరగకముందే అంగళ్ళ షట్టర్లు లేస్తుంటాయి. టీ అంగడి, ఎరువుల అంగడి, సెల్‌ఫోన్ అంగడి. సగం నిద్రలో ఆ పేర్లన్నీ నీళ్ళలో నీడల్లా కదిలి వెనక్కి పోతుంటాయి. వాటిలో కొన్ని నేను రాసినవే. ఎండకు వెలిసిపోయి, అంచులు పెళుసెక్కి వేలాడుతుంటాయి. వాటిని చూస్తే పెళ్ళిలో దూరపు చుట్టం ఎదురైనట్టు ఉంటుంది. ముఖం తెలుసు, ఎప్పుడు కలిశామో గుర్తు రాదు.

నా పేరు రేవతి. మదనపల్లెలో కరీం సాబు అంగట్లో అక్షరాల పని చేశాను. సాబు మొదట కుంచెతో బోర్డులు రాసేవారు. రేకుల మీద, గోడల మీద, లారీల వెనక ఆయన రాయని చోటు లేదు. ఫ్లెక్సులు వచ్చాక ఒక కంప్యూటరు కొని, టైపు నేర్చుకున్న నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. అంగడి పేరుకూ, ఇంట్లో చేత్తో చేసిన సరుకు మీద అంటించే లేబులుకూ తగిన అక్షరం వెతకడం నా పని. దాన్నే ఇప్పటివాళ్ళు డిస్‌ప్లే ఫాంటు అంటున్నారు. మేము పేరక్షరం అనేవాళ్ళం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, "ఏ ఫాంటు మంచిది ఆంటీ?" అని అడుగుతుంటారు. పెళ్ళిచూపులకు పోకుండానే ఏ పిల్లవాడు మంచివాడు అని అడిగినట్టుంటుంది నాకు. ఎవరికి, ఏ ఇంటికి అన్నది తెలియాలి కదా. అందుకే ఒక అంగడి సంగతి మొదటినుంచీ చెప్తాను. నాకు తెలిసిందంతా దాదాపు అందులోనే ఉంది.

వన్నె పన్నె అయింది

దానికి ముందు చిన్న మాట. మా వీధి చివర పట్టుచీరలు నేసే దంపతులు సొంతంగా అమ్ముకుందామని 'వన్నె' అనే పేరు పెట్టుకున్నారు. చక్కటి పేరు. కంప్యూటర్లో లతలు అల్లుకున్నట్టుండే ఫాంటు ఒకటి చూసి ఆవిడ ముచ్చటపడింది. సాబుకు కూడా నచ్చింది. చీర పెట్టెల మీద అచ్చు వేసి ఇచ్చాం. తీరా చూస్తే, ఆ ఫాంటు గీసినవాళ్ళు వ అక్షరానికి ఎడమవైపు ఉండే చిన్న చుట్టును అందం కోసం విప్పి వదిలేశారు. దాంతో అది ప అయి కూర్చుంది. చీర కొన్నవాళ్ళు ఫోను చేసి, "పన్నె అంటే ఏందమ్మా? అది మీ ఊరి పేరా?" అని అడగడం మొదలుపెట్టారు.

తెలుగులో ప, వ, మ, య పక్కపక్క ఇళ్ళ పిల్లల్లాంటివి. చీకట్లో ఒకరిని చూసి ఇంకొకరనుకుంటాం. సొగసు ఎక్కువైన కొద్దీ ఆ చీకటి పెరుగుతుంది. ఏ ఫాంటు ఎంచుకున్నా ముందు మీకు పని ఇచ్చినవాళ్ళ అంగడి పేరునే దాంట్లో రాసి, బొటనవేలి గోరంత చేసి చూడండి. తర్వాత గోడకు అంటించి రోడ్డు దాటి అవతలినుంచి చూడండి. రెండు చోట్లా పేరు పేరులాగే ఉంటే అప్పుడు అందం సంగతి మాట్లాడుకోవచ్చు. అలాగే పేరక్షరం పేరుకే. దాంతోనే సరుకులో ఏముందో, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో కూడా రాస్తే పట్టుచీర కట్టుకుని పొలం పనికి పోయినట్టుంటుంది. కింది రాతకు మామూలు అక్షరం చాలు.

గొంతు పోయిన మనిషి

ఒక మధ్యాహ్నం, అంగట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేని వేళ, కుప్పం నుంచి ముగ్గురొచ్చారు. మునెప్ప, ఆయన భార్య రెడ్డెమ్మ, కూతురు శైలజ. మునెప్ప మెడకు పలచటి తెల్లగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. గోడలకు తగిలించిన పాత బోర్డులన్నీ చూస్తూ నవ్వాడు గానీ నోరు విప్పలేదు.

సంగతంతా రెడ్డెమ్మే చెప్పింది. వాళ్ళది పుంగనూరు. ఆమె ఇంట్లో బొరుగులు, చెనిక్కాయలు, నువ్వులు బెల్లం పాకంలో కలిపి ఉండలు చుట్టేది. ఆయన గంపకెత్తుకుని వీధుల్లో, సంతలో అమ్మేవాడు. తర్వాత కుప్పం చేరారు. స్టేషను బయటా, బెంగుళూరు పోయే రైళ్ళలోనూ అమ్మి కూతుర్ని చదివించారు. శైలజకు బెంగుళూరులో ఉద్యోగం.

"ఈయన అరుపే మా యాపారం అక్కా," అంది రెడ్డెమ్మ. "గంప మీద గుడ్డ తీయకముందే జనం వచ్చి నిలబడేవోళ్ళు. గొంతులో గడ్డ లేసింది. ఆపరేషను చేసినారు. మడిసి దక్కినాడు, మాట పోయింది."

"ఇప్పుడు అంగడి పెడుతున్నారా?"

"పెట్టాల గదక్కా. ఊరికే ఇంట్లో కూసుంటే ఈ మడిసి మిగలడు. అన్నం ముందర పెడితే దాన్నే సూస్తా కూసుంటాండాడు. స్టేషను బయట చిన్న రూము దొరికింది. దాని మీదికి బోర్డు, ప్యాకెట్ మీదికి పేరు, రెండూ ఒకే తీరుగా కావాల. పేరేమో... ఈయన అరిసేదే. బెల్లం ఉండలోయ్."

అంతవరకూ ఫోను చూసుకుంటున్న శైలజ తలెత్తింది. "అమ్మా, గమ్మునుండు. ఆ పేరొద్దని ఇంట్లోనే చెప్పినా." ఫోను నా ముందు పెట్టింది. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, చుట్టూ బోలెడు తెల్లటి ఖాళీ, కొత్త పేరు ఒకటి. "ఇట్ల కావాల ఆంటీ. నీట్‌గా."

చూడటానికి బాగానే ఉంది. కానీ అది సబ్బుకైనా, సాంబ్రాణికైనా, కొవ్వొత్తికైనా సరిపోతుంది. బెల్లం వాసన ఎక్కడా లేదు. ఆ మాటే అన్నాను. శైలజ ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి బయటికి పోయి మెట్ల మీద నిలబడింది. నీళ్ళ చెంబు తీసుకుని నేనూ వెళ్ళాను.

"బడిలో నా పేరు శైలజ కాదాంటీ," అంది రోడ్డువైపు చూస్తూ. "ఉండలోయ్. హాజరు పిలిసేటప్పుడు కూడా వెనక బెంచీలోళ్ళు మా నాయన మాదిరే లాగి అరిసేవోళ్ళు. నాయన రైల్లో అరస్తాంటే నేను పక్క పెట్టెలోకి పోయి కూసునేదాన్ని. ఇప్పుడు నాయన ఇంక ఎవురి ఎనకా తిరగబళ్ళేదు. అంగడి ఓనరు. అంగడి మీద కూడా ఆ అరుపే యాల?"

తండ్రిని తక్కువ చేయాలని ఆ పిల్ల ఉద్దేశం కాదు. ఆయన్ని ఎవరూ ఎగతాళి చేయని చోట కూర్చోబెట్టాలనుకుంటోంది.

లోపలికొచ్చి సాబుకు చెప్పాను. కరీం సాబు మంచి యజమానే గానీ ఆయన అభిరుచిని నేనెప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. ఏ అక్షరానికైనా ఎర్రరంగు వేసి వెనక నల్లనీడ పెట్టకపోతే ఆయనకు నిద్రపట్టదు. కానీ మనుషుల దగ్గర ఆయన చూపు సూటిగా ఉండేది. "ఇద్దురిలో ఎవురిదీ తప్పు గాదు బేటీ," అన్నారు. "ఆ బోర్డు కింద దినామూ కూసునేది ఎవురు? ఆయన్ని అడిగినామా?"

నిజమే, మాటలేని మనిషని మేమంతా ఆయన్ని దాటి మాట్లాడుకుంటున్నాం. నేను మునెప్ప ముందు స్టూలు వేసుకుని కూర్చుని అడిగాను. ఆయన భార్యను చూశాడు. తలుపు దగ్గరికొచ్చి నిలబడిన కూతుర్ని ఇంకాసేపు చూశాడు. తర్వాత మెడ మీది గుడ్డను వేలితో మెల్లగా తాకి, ఆ వేలినే నా కంప్యూటరు వైపు చూపించాడు.

అందరికీ అర్థమైంది. శైలజ కళ్ళు తుడుచుకుని, "సరే, రాయండాంటీ," అంది. ఆ మాటలో ఇష్టం లేదు. తండ్రి అడిగాడు కాబట్టి కాదనలేకపోయింది.

వినని గొంతు

చిక్కు ఏమిటంటే, మునెప్ప గొంతును నేను ఒక్కసారీ వినలేదు. ఫోనులో ఎక్కడైనా ఉందా అని అడిగితే రెడ్డెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాటలుండాయి, పెండ్లిండ్ల వీడియోలుండాయి. ఈయన అరుపు యాడా లేదక్కా. దినామూ ఇనేదాన్ని ఎవురు దాసిపెట్టుకుంటారు?"

దగ్గరున్న ఫాంటులన్నీ పెట్టి చూశాను. పెళ్ళిపత్రికల ఫాంటులో 'ఉండలోయ్' అని రాస్తే పురోహితుడు మంత్రం చదివినట్టుంది. సినిమా పోస్టరు ఫాంటులో కొట్లాటకు పిలిచినట్టుంది. గుండ్రంగా, ముద్దుగా ఉండే పిల్లల ఫాంటు నాకు నచ్చింది, ఉండలు కూడా గుండ్రమే కదా అనుకున్నాను. రెండు రోజులు దాన్నే చూస్తే అందులో పిలుపు లేదని తెలిసింది. నోట్లో బెల్లం పెట్టుకుని గొణిగినట్టుంది. సరుకు ఆకారాన్ని అక్షరంలోకి దించడం ఈ పనిలో అందరికీ మొదట తట్టే ఆలోచన. చాలాసార్లు అక్కడ ఆగకూడదు.

శైలజకు ఫోను చేశాను. "మీ నాయన ఎలా పిలిచేవాడో ఒక్కసారి అని చూపిస్తావా అమ్మా?"

"నాకు గుర్తులేదాంటీ," అంది. ఫోను పెట్టేసింది.

అందుకని పుంగనూరు వెళ్ళాను. బజారు వీధిలో పూలమ్మే మస్తానమ్మ పేరు రెడ్డెమ్మే చెప్పింది. మునెప్ప వయసులో ఉన్నప్పటినుంచీ ఆయన గంప ఆ వీధిలో ఆగేదట. నేను వచ్చిన పని చెప్పగానే ఆమె మల్లెమాల కట్టడం ఆపి నవ్వింది.

"మునెప్ప అరుపా! సూడమ్మా, పొద్దున్నే ఇంగా కండ్లు తెరవకుండానే వీధి ఆ తట్టునుంచి వస్తాది. 'బెల్లం' అనేది వినపడీ వినపడకుండా కింద పోతాది. 'ఉండ' కాడ నిలబడతాది. ఆ 'లో' ఉండాది సూడు, అది ఇండ్ల మింద పోతాది. పోతానే ఉంటాది. ఆఖర్న 'య్' అని తెంపేస్తాడు, దారం కొరికినట్ల."

"ఒకసారి అనండి."

ఆమె గొంతు సవరించుకుని అంది. వీధిలో ఒకరిద్దరు తిరిగి చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "రాల్యా. అది ఆయప్పకే వస్తాది."

ఆ మాటలు మనసులో తిప్పుకుంటూ తిరుగు బస్సెక్కాను. చింతచెట్ల నీడలు ఒళ్ళోకి వచ్చి పోతున్నాయి. కునుకు పట్టింది. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఒక పిలుపు వినిపించింది. తెల్లవారే ముందు తడి వీధి, మూసిన తలుపులు, వాటి మీదుగా సాగే ఒక పొడుగు గీత. ఎవరి గొంతో తెలియదు, కానీ ఆ గీత వంపు మాత్రం కనిపించింది. మెలకువ వచ్చేసరికి మదనపల్లె టమాటా లారీల హారన్లు. వంపు చెదిరిపోయింది.

దాన్ని పట్టుకోవడానికే కుప్పం వెళ్ళాను. అంగడి రూముకు అప్పుడే సున్నం కొట్టారు, నేల ఇంకా తడిగా ఉంది. మునెప్పకు కాగితాలు చూపించాను. ఒక్కోదాన్నీ చూసి మర్యాదగా పక్కన పెట్టాడు. నేను ఓడిపోయినట్టు కూర్చున్నాను. అప్పుడాయన లేచి, అలవాటుగా గంప ఎత్తుకున్నట్టు ఎడమచేతిని తలపైకి పెట్టాడు. ఛాతీ నిండింది. నోరు తెరిచాడు. శబ్దం లేదు, మెడ గుడ్డ వెనక ఊపిరి మాత్రం కదిలింది. కుడిచెయ్యి నడుము దగ్గర మొదలై, ముందుకు వచ్చి, పైకి, ఇంకా పైకి సాగి, చివర చిటికె వేసినట్టు ఆగిపోయింది. తలుపు దగ్గర రెడ్డెమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇంకొకసారి చెయ్యన్నా," అన్నాను, పెన్సిలు తీసుకుని. ఆయన చేశాడు. చెయ్యి పోయినచోటల్లా పెన్సిలు పోనిచ్చాను.

లో అనే అక్షరం

తెలుగులో ల కు ఓత్వమిస్తే తల మీద ఎద్దు కొమ్ములా ఒక గీత లేస్తుంది. ఏ ఫాంటులోనైనా అది చిన్నగా మెలితిరిగి ఆగిపోతుంది. మునెప్ప అంగడి పేరులో దాన్ని ఆగనివ్వలేదు. 'బెల్లం' కింద చిన్నగా, వత్తుగా. 'ఉండ' నేల మీద కాళ్ళు ఊనుకున్నట్టు లావుగా. 'లో' కొమ్ము ముందుకు వంగి, పలచబడుతూ, పేరు దాటి బోర్డు అంచుదాకా పోయింది. దాని కింద 'య్' పొట్టిగా, పొల్లు టక్కున తెగినట్టు. అన్ని ముక్కలకూ పాత, దిట్టమైన ఒక ఫాంటునే మూలంగా పెట్టుకున్నాను. ఆ ఒక్క కొమ్మునే చేత్తో గీశాను.

కొత్తవాళ్ళు ఇది గమనించండి. అక్షరాలన్నీ వింతగా ఉంటే ఏదీ వింత కాదు. ఊరేగింపులో గుర్రమెక్కేది ఒక్కరే. మిగతా అక్షరాలు నెమ్మదిగా నడిస్తేనే ఆ ఒక్కటి పరుగెత్తినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట, ఇంటర్నెట్లో ఊరికే దొరికిన ఫాంటును వ్యాపారానికి వాడే ముందు దాన్ని గీసినవాళ్ళ అనుమతి ఉందో లేదో చూడండి. వాళ్ళూ మన పనివాళ్ళే.

సాబు చూసి ఎర్రరంగు అన్నారు. నేను బెల్లం రంగు అన్నాను. నీడ మాత్రం ఉండాల్సిందే అన్నారు. ఉంచలేదు. రెండురోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు తానే కుంచె తీసి, ఫ్లెక్సు వద్దని, చెక్క మీద ఆ బోర్డు రాశారు. అన్నాళ్ళ తర్వాత ఆయన చేతిలో కుంచె చూడటం నాకు కలలాగే అనిపించింది.

బోర్డు ఎక్కించిన రోజు మునెప్ప రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. ఆటోలు అడ్డం వస్తున్నా కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి. కుప్పంలో తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు ఎక్కువ కాబట్టి ఆ రెండు లిపుల్లోనూ కింద చిన్నగా రాయించాం. కన్నడం చదివే ఒకాయన మాత్రం పైన తెలుగు పేరునే కూడబలుక్కుని చదివి, "ఉండె!" అని తన భాషలో పలికి, నవ్వి లోపలికి వచ్చాడు. మన అక్షరాలూ వాళ్ళవీ ఒక తల్లి పిల్లలే. మునెప్ప ఆయనకు పొట్లం కట్టి, పైన ఇంకో ఉండ పెట్టి ఇచ్చాడు.

శైలజ ఆ రోజు వచ్చింది. అన్ని పనులూ చేసింది. బోర్డు వైపు తలెత్తి చూడలేదు.

రైల్లో

కొన్ని నెలల తర్వాత కంటి డాక్టరుకు చూపించుకోవడానికి బెంగుళూరు పోవాల్సి వచ్చింది. ముందురోజు కుప్పంలో రెడ్డెమ్మ ఇంట్లో ఆగాను. మునెప్ప కడుపునిండా తింటున్నాడు. పొద్దున పూట అంగడి తానే తెరుస్తున్నాడు. శైలజ సెలవుకు వచ్చి ఉంది, ఇద్దరం కలిసి పొద్దున రైలెక్కాం. కిటికీ బయట గుట్టలు, గ్రానైటు రాళ్ళ దిబ్బలు, వాటి మీద లేత ఎండ. రైలు ఊపుకు పెట్టె అంతా జోగుతోంది.

మా ఎదుటి సీట్లలో కాలేజీ పిల్లల గుంపు. అందులో ఒకడు సంచిలోంచి ప్యాకెట్ తీశాడు. బెల్లం రంగు పేరు, అంచుదాకా సాగిన కొమ్ము. వాడు దాన్ని కళ్ళ ముందు పెట్టుకుని, అక్షరం ఎలా సాగితే అలా చదివాడు. "బెల్లం ఉండలోఓఓయ్!"

పక్కవాడు లాక్కుని ఇంకా లాగాడు. ఒకమ్మాయి "నాకియ్యి, నేను" అంటూ తనూ అంది. నవ్వులు. వాళ్ళంతా చదువుకోడానికి వేరే ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళెవరూ మునెప్ప గొంతు విని ఎరగరు. బొమ్మలో ఉన్నదాన్ని నోటితో అంటున్నారంతే.

నాకు సంతోషపడే ధైర్యం లేకపోయింది. పక్కన శైలజ బిగుసుకుపోయి కూర్చుంది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది. బడిలో వెనక బెంచీ మళ్ళీ ఆమె ఎదుటికొచ్చి కూర్చున్నట్టయింది. లేచి పక్క పెట్టెలోకి పోతుందనే అనుకున్నాను. నిజంగానే లేచింది.

"అట్ల కాదు," అంది వాళ్ళతో.

పిల్లలు నవ్వు ఆపి చూశారు.

"మొదుట్లోనే గట్టిగా అరిస్తే 'లో' కాడికి గాలి మిగలదు. బెల్లం అనేది కిందికి అనాల. ఉండ కాడ నిలబడాల. ఆడినుంచి..." ఆగింది. ఒక చేత్తో పై బెర్తు గొలుసు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

తర్వాత వచ్చిన గొంతు ఆమెది కాదనిపించింది. సన్నగా, కిందనుంచి మొదలై, నిలబడి, లేచి, సీట్ల మీదుగా, జోగుతున్న తలల మీదుగా పెట్టె చివరిదాకా సాగిపోయింది. నేను గీసిన కొమ్ము దాని ముందు పొట్టిదే. చివర దారం తెగినట్టు ఆగింది.

పిల్లలు చప్పట్లు కొట్టలేదు, నోళ్ళు తెరుచుకుని చూశారు. అవతలి వరసలో తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, జేబు తడుముకుంటూ చెయ్యి చాపాడు. "ఓమ్మా, ఈడ రెండు ప్యాకెట్లు ఇయ్యి."

శైలజ కళ్ళు తెరిచింది. చెంపల మీద నీళ్ళు ఉన్నాయి, తుడుచుకోలేదు.

"నా కాడ లేవు తాతా," అంది. "కుప్పం స్టేషను బయట మా నాయన అంగడి ఉండాది. ఆడికి పో."